పెట్టకపోవడం కూడా ధర్మమేనా?

అన్నం పెట్టే చేతికి అడ్డుపడకూడదని వింటూ పెరిగినవాళ్ళం మనమందరం. పెట్టగలిగితే పెట్టాలి, పెట్టలేకపోతే పెట్టేవారి దారికి అడ్డు రాకుండా తప్పుకోవాలి. మా పెద్దలు మాకు చెప్పినది ఇదే, మేము మా పిల్లలకు చెప్పినదీ ఇదే. అయితే గత వేసవిలో సముద్రపు ఒడ్డున గుడారం వేసుకొని గడిపిన ఏడు రోజులలో, ఆహారం పెట్టబోతున్న ఒక పెద్ద చేతిని మా ఇంటి పిల్లే ఆపింది. ఆపడం సబబే. ఆపిన తీరు సబబా, అసలు ఆ చేయి అంత ఆత్రంగా ఎందుకు చాచవలసి వచ్చింది అన్న ప్రశ్నలు మాత్రం మమ్మల్ని వారం పొడవునా వదలలేదు. ఇంటికి వచ్చాక కూడా పూర్తిగా వదలలేదు కనుకనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేము వెళ్ళిన చోటు అస్సటీగ్ ద్వీపం. మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాల తూర్పు అంచున, ఒకవైపు అట్లాంటిక్ మహాసముద్రం, మరొకవైపు లోతు తక్కువైన ఉప్పునీటి అఖాతాలు ఉండగా, 37 మైళ్ళ పొడవున సాగిన సన్నని ఇసుక పట్టీ అది. ఒకప్పుడు ఆ ఇసుకను వేల ఇళ్ళస్థలాలుగా విభజించి అమ్మకానికి పెట్టారు, తారు రోడ్డు కూడా వేశారు. 1962 మార్చిలో వచ్చిన పెనుతుఫాను ఆ రోడ్డును ముక్కలు చేసి, అప్పటికి కట్టిన కొద్దిపాటి ఇళ్ళను ఊడ్చిపెట్టింది. మూడేళ్ళ తరువాత, 1965లో, దానిని జాతీయ సముద్రతీరంగా ప్రకటించారు. ఆ తారు పెచ్చులు ఇప్పటికీ ఇసుక దిబ్బల నడుమ కాలిబాటలో కనిపిస్తాయి. మా ఎనిమిదేళ్ళ అబ్బాయి ఒక పెచ్చు మీద నిలబడి "ఇది ఎవరి రోడ్డు నాన్నా?" అని అడిగాడు. ఎవరిదీ కాదని చెప్పడానికి మాకు కొంత సమయం పట్టింది.

ఈ ద్వీపానికి పేరు తెచ్చినవి అక్కడ స్వేచ్ఛగా తిరిగే గుర్రాలు. మునిగిపోయిన స్పెయిన్ ఓడ నుండి ఈదుకొని వచ్చాయని ఒక కథ ఉన్నది. 17వ శతాబ్దంలో ప్రధాన భూభాగపు రైతులు కంచెల ఖర్చునూ పశువుల పన్నునూ తప్పించుకోవడానికి వాటిని ద్వీపంలో వదిలారన్నది ఎక్కువమంది ఒప్పుకొనే మాట. మా పన్నెండేళ్ళ అమ్మాయి, 1947లో వెలువడిన 'మిస్టీ ఆఫ్ చింకటీగ్' అనే పిల్లల నవలను మూడుసార్లు చదివి, ఆ గుర్రాలను చూడాలని రెండేళ్ళుగా పట్టుపట్టింది. ఆరు నెలల ముందే స్థలం కేటాయించుకొని, జూన్ నెలాఖరున బయలుదేరాము. వెళ్ళినవాళ్ళం అయిదుగురం. అయిదో మనిషి ఊరినుండి ఆరు నెలల కోసం వచ్చిన మా పిల్లల అమ్మమ్మ. మాలో ఒకరికి ఆమె అమ్మ, ఒకరికి అత్తగారు.

గుడారపు బ్రతుకు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కరెంటు లేదు. స్నానానికి చన్నీళ్ళు, ఒంటికి దోమలు. మామూలు గుడారపు మేకులు ఇసుకలో నిలబడవని మాకు తెలియదు. మొదటి సాయంత్రమే గాలికి గుడారం గాలిపటమై లేచింది. ప్రక్క స్థలంలో దిగిన అమెరికన్ కుటుంబం వారు పరుగెత్తుకొని వచ్చి, మూరెడు పొడవున్న మేకులు నాలుగు ఇచ్చి, తామే దిగ్గొట్టి వెళ్ళారు. ఇసుకలో కుర్చీ వేసి అమ్మమ్మను కూర్చోబెట్టి, "మీరు ఏమీ చేయవద్దు, హాయిగా సముద్రం చూడండి" అన్నాము. ఆమెకు సుఖం ఇస్తున్నామని నిజంగానే అనుకున్నాము.

రెండో రోజు ఉదయం సూర్యుడు సముద్రంలోనుండి లేచాడు. మన తూర్పు తీరంలో లాగానే ఇక్కడ కూడా సూర్యోదయం నీటిమీదనే. అమ్మమ్మ నమస్కారం చేసుకొని వెనుకకు తిరిగేసరికి, ఇసుక దిబ్బ మీదుగా ఒక గుర్రం దిగి వస్తున్నది. వేసవిలో చిత్తడి నేలల్లో ముసిరే ఈగల బాధ తాళలేక ఈ గుర్రాలు గాలి వీచే ఒడ్డుకు వస్తాయి. ఎర్రని ఒళ్ళు, నుదుట తెల్లని పట్టె, నాలుగు కాళ్ళకూ తెల్లని మడమలు. "పంచకళ్యాణి!" అన్నది అమ్మమ్మ. ఆ మాట మా పిల్లలు మొదటిసారి వినడం. నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లగా ఉండే గుర్రాన్ని మనవాళ్ళు అలా పిలుస్తారు, అది శుభమని నమ్ముతారు. దాని పొట్ట పెద్దదిగా ఉన్నది. "చూలుతో ఉందే తల్లీ. ప్రొద్దున్నే గడప ముందుకు వచ్చిన చూలాలిని ఉత్త చేతులతో పంపుతామా?" అంటూ సంచిలోనుండి అరటిపండు తీసి ఒలిచి, చేయి చాచి రెండడుగులు వేసింది.

మా అమ్మాయి అరిచింది. "అమ్మమ్మా, స్టాప్! వద్దు! అది రాంగ్! ఫైన్ వేస్తారు!" అరవడంతో ఆగక, పరుగున వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకొని వెనుకకు లాగింది. అరటిపండు ఇసుకలో పడింది. చుట్టుప్రక్కల గుడారాలవాళ్ళు తలలు తిప్పి చూశారు. దారిన పోతున్న ఒక స్వచ్ఛంద సేవకురాలు వచ్చి, గుర్రాలకు 40 అడుగుల దూరంలో ఉండాలని, ఏమీ పెట్టకూడదని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆమె చెప్పినది మేము తెలుగులో చెప్పాము. అమ్మమ్మ విన్నది. ఇసుక అంటిన అరటిపండును తీసి సంచిలో పెట్టుకొని, "తిండి పెట్టడం తప్పయ్యే దేశమా ఇది?" అని మాత్రం అన్నది. ఆ పూట ఆమె ఏమీ తినలేదు. ఆకలి లేదన్నది.

మేము మొదట పట్టించుకున్నది నియమాన్ని గురించే. నియమం వెనుక ఉన్న కారణం బలమైనది. ఆ గుర్రాల ఆహారంలో ఎక్కువ భాగం ఉప్పు చిత్తడిలో, ఇసుక దిబ్బల మీద పెరిగే ముతక గడ్డి. ఆ ఉప్పుకు అవి మామూలు గుర్రాలకంటే రెండింతలకు పైగా నీళ్ళు త్రాగుతాయి, పొట్టలు ఉబ్బి కనిపించేది అందుకే. అంటే అమ్మమ్మ చూలు అనుకున్నది బహుశా చూలు కాదు. మనుషుల తిండి వాటికి పడదు. అంతకంటే పెద్ద ప్రమాదం, తిండి రుచి మరిగిన గుర్రం గుడారాలమీదికీ కార్లమీదికీ వస్తుంది. రోడ్డుమీద కార్ల క్రింద పడి చచ్చిన గుర్రాలున్నాయి. మనుషుల తిండికి అలవాటుపడి దారికి రాని ఒక మగ గుర్రాన్ని 2022లో ఆ ద్వీపంనుండి శాశ్వతంగా తరలించి టెక్సాస్‌లోని ఒక సంరక్షణ కేంద్రానికి పంపవలసి వచ్చింది. పుట్టిన మందనూ నేలనూ ఆ గుర్రం పోగొట్టుకున్నది, పెట్టినవాళ్ళు ఒక ఫోటో తీసుకొని ఇళ్ళకు వెళ్ళారు.

ఇదంతా అమ్మమ్మకు వివరించాము. కాదనలేదు. కానీ తన వాదన తనకున్నది, అది తేలికగా తీసిపారేయదగినది కాదు. గృహస్థు నిత్యం చేయవలసిన యజ్ఞాలు అయిదని మన ధర్మశాస్త్రాలు చెబుతాయి. బ్రహ్మయజ్ఞం, దేవయజ్ఞం, పితృయజ్ఞం, మనుష్యయజ్ఞం, భూతయజ్ఞం. చివరిదానిలో 'భూతం' అంటే మా పిల్లలు అనుకొన్నట్లు దయ్యం కాదు, పుట్టిన ప్రతి ప్రాణి. ఇంట్లో పొయ్యి వెలిగితే అందులో కాకికి, కుక్కకు, చీమకు కూడా వాటా ఉన్నదని దాని భావం. పెళ్ళయి కాపురానికి వచ్చిన నాటినుండి అమ్మమ్మ ఈ పని మానినది లేదు. కాకికి పిట్టగోడ మీద మొదటి ముద్ద, ఆవుకు కుడితి, వీధి కుక్కకు చివరి ముద్ద. శాస్త్రం పేరు ఆమెకు తెలియదు, తెలియవలసిన అవసరమూ రాలేదు. యాభై ఏళ్ళు చేసిన పనిని పన్నెండేళ్ళ పిల్ల నలుగురిలో తప్పు అన్నది, పైగా ఆమెకు సగమే అర్థమయ్యే భాషలో.

అమ్మాయిని మందలించామా అంటే, మందలించాము. కానీ ఏమని మందలించాలో మాకే స్పష్టంగా తెలియలేదు. గట్టిగా అరిచినందుకు తప్పుపట్టవచ్చు. ఆపినందుకు తప్పుపట్టలేము. "మరి నేను ఊరుకుంటే హార్స్ చచ్చిపోతే?" అని అది కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది. దానిదీ భూతదయే. ఒకే వరుసలో కూర్చున్న ఇద్దరు, ఒకే గుర్రం మీది ప్రేమతో, రెండు రోజులపాటు ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోలేదు.

మూడో రాత్రి మా వంతు వచ్చింది. తిండి వస్తువులన్నీ కారులో పెట్టి తాళం వేయాలన్నది అక్కడి నియమం. చీకటి పడేవేళకు దోమల ధాటికి తట్టుకోలేక, పులిహోర, చపాతీలు ఉన్న ఐసు పెట్టెను బల్ల క్రిందనే వదిలి గుడారంలో దూరాము. నడిరాత్రి చప్పుడైంది. టార్చి వేసి చూస్తే పెట్టె తిరగబడి ఉన్నది, మూత విరిగి ఉన్నది, రెండు గుర్రాలు తీరికగా చపాతీలు నములుతున్నాయి. వాటిని కేకలతో దూరం తరమడానికి చాలాసేపు పట్టింది. ప్రొద్దున రేంజరు వచ్చి మా పేరు వ్రాసుకొని హెచ్చరించి వెళ్ళాడు. అమ్మమ్మ చేతిలోని ఒక్క అరటిపండును ఆపిన ఇల్లు, తన నిర్లక్ష్యంతో ఇరవై చపాతీలు పెట్టింది. ఆమె ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

ఆ రోజు సాయంత్రం, నాలుగో రోజున, నీళ్ళు వెనుకకు తగ్గిన తడి ఇసుకమీద అందరం కూర్చున్నప్పుడు ఆమె తానై మొదలుపెట్టి ఒక సంగతి చెప్పింది. ఆమె మెట్టినిల్లు గోదావరిలోని ఒక లంక గ్రామం. నది నడుమ ఇసుకతోనూ ఒండ్రుతోనూ ఏర్పడిన దీవిని మన ప్రాంతంలో లంక అంటారు. అస్సటీగ్‌లాగానే అదీ నీటి దయమీద నిలబడిన నేల. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రాత్రి లంకలోకి నీళ్ళు ఎక్కుతుంటే మనుషులకే పడవలు చాలలేదు. పాకలో ఒక ఆవు, రెండు గేదెలు ఉన్నాయి. అమ్మమ్మ దాణా తట్ట పట్టుకొని పాకలోకి వెళ్ళిందట, చివరిసారిగా కడుపునిండా పెడదామని. ఆమె మామగారు ఆ తట్టను చేతిలోనుండి లాక్కొని ప్రక్కన పడేసి, కొడవలితో మూడు పలుపులూ కోసేశారు. పలుపు అంటే పశువును గుంజకు కట్టే త్రాడు. "ఇప్పుడు వాటికి కావలసింది తిండి కాదమ్మాయ్, దారి" అన్నారట.

రెండు గేదెలు ఈదుకొని గట్టెక్కాయి. ఆవు తిరిగి రాలేదు. పొరుగింటివారు తొందరలో పశువులను కట్టినవి కట్టినట్లే వదిలి పడవ ఎక్కారు. నీళ్ళు తీశాక గుంజలకు వ్రేలాడుతున్న పలుపుల చివర ఏమి కనిపించిందో ఆమె పిల్లల ముందు చెప్పలేదు.

"కట్టిన పశువుకు మేత వేయాలి. వేయకపోతే పాపం. మనం కట్టబట్టే అది సొంతంగా మేయలేదు. కట్టనిదానికి దారి వదిలితే చాలునేమో. నాకు ఆ పూట గుర్తు రాలేదు" అని ఆగింది. కాసేపటికి మనవరాలి వైపు చూసి, "నువ్వు చేయి లాగినట్లే మా మామగారూ లాగారు. ఆయన మీద కూడా నెలరోజులు కోపంగానే ఉన్నాను" అన్నది.

ఈ మాటమీద మేము చాలాకాలంగా ఆలోచిస్తున్నాము. పెట్టవలసిన బాధ్యత ఎక్కడ పుడుతుంది? దయనుండి పుడుతుందని మేము అనుకొనేవాళ్ళం. అమ్మమ్మ మాట ప్రకారం అది పలుపునుండి పుడుతుంది. ఒక ప్రాణి తన తిండిని తాను వెదుక్కొనే శక్తిని మనం తీసుకొన్నప్పుడు, ఆ లోటును పూడ్చడం మన ఋణం. పెరటి ఆవుకు వేసే మేత దానం కాదు, బాకీ తీర్చడం. మరి ఏ పలుపూ లేని ప్రాణికి మనం పెట్టే ముద్ద ఏమిటి? చాలాసార్లు అదే మొదటి పలుపు. అరటిపండుతో మొదలైన అలవాటు ఆ గుర్రాన్ని మన బల్ల చుట్టూ కట్టేస్తుంది. కట్టిన సంగతి మనకు తెలియదు, ఎందుకంటే వారం తిరిగేసరికి మనం అక్కడ ఉండము.

భాగవతంలో భరతుని కథ ఇక్కడ జ్ఞాపకం వస్తుంది. రాజ్యాన్ని వదిలి తపస్సుకు వెళ్ళిన భరతుడు, నీటిలో కొట్టుకొనిపోతున్న తల్లిలేని జింకపిల్లను కాపాడాడు. కాపాడి, పెంచి, దానిమీది మమకారంతో తపస్సును మరచి, చివరికి దానినే తలచుకొంటూ మరణించి జింకగా పుట్టాడు. మనకు తెలుగులో ఈ కథ ఉన్న పంచమ స్కంధాన్ని రచించినది పోతన కాదు, గంగన. ఆ సంగతి మన పిల్లలకు చెప్పదగినది. కథను సాధారణంగా భరతునికి జరిగిన నష్టంగా చెప్పుకొంటాము. కాపాడడం తప్పని ఎవరూ అనరు, అనకూడదు కూడా. కానీ ఈ ద్వీపంనుండి వచ్చాక మాకు ఆ జింక వైపునుండి కూడా అడగాలనిపిస్తున్నది. అడవిలో తనంతట తాను బ్రతకడం అది ఎవరి దగ్గర నేర్చుకున్నది? ఋషి చేతి గడ్డి పరకకు అలవాటుపడిన జింకకు పులిని పసిగట్టే చెవి ఏర్పడి ఉంటుందా? మా పురాణ కాలక్షేపాలలో ఈ ప్రశ్న ఎవరూ వేయగా మేము వినలేదు.

భగవద్గీత పదిహేడవ అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా విభజిస్తూ, తగిన చోట, తగిన కాలంలో, తగిన పాత్రునికి, తిరిగి ఏమీ ఆశించక ఇచ్చేది సాత్త్వికమని చెబుతుంది. పాత్రుడు అంటే యోగ్యుడని అర్థం చెప్పుకొని, పుచ్చుకొనేవాడికి అర్హత ఉన్నదా లేదా అని లెక్క వేయడం మనకు అలవాటు. ఆ గుర్రానికి అర్హత లేదని ఎవరు అనగలరు? అయితే పాత్ర అన్న మాటకు గిన్నె అన్న అర్థం కూడా ఉన్నది. ఏ గిన్నెలో ఏది పోయవచ్చో ఇల్లాలికి తెలుసు. రాగి చెంబులో మజ్జిగ పోస్తే మజ్జిగ చెడిపోతుంది, తప్పు చెంబుది కాదు, మజ్జిగదీ కాదు. పుచ్చుకొనే ప్రాణి ఎటువంటిదో తెలుసుకోకుండా ఇవ్వడంలో, ఇచ్చేవారి మనసు నిండుతుంది గాని అవతలివారి కడుపు నిండుతుందన్న భరోసా లేదు. ఉప్పుతో ఉబ్బిన పొట్టను చూలు అనుకొన్న అమ్మమ్మను మేము తప్పుపట్టము. ఆమె తన ఊరి కళ్ళతో చూసింది. మనలో ఎవరమైనా చేసేది అదే.

ఈ సిద్ధాంతం అంత సుళువుగా నిలబడదని మా అబ్బాయి ఆ సాయంత్రమే నిరూపించాడు. "మరి కాకిని ఎవరూ కట్టలేదు కదా అమ్మమ్మా, దానికెందుకు పెడతావు?" అన్నాడు. అమ్మమ్మ నవ్వింది. "కాకి నా పెరట్లోకి రాలేదురా. కాకులున్న చెట్టు కొట్టి నేనే అక్కడ పెరడు వేసుకున్నాను. పొరుగువాళ్ళతో సర్దుకుపోవాలి కదా" అన్నది. మా అమ్మాయికి ఈ సమాధానం నచ్చలేదు. ఆ లెక్కన ఈ ద్వీపానికి గుర్రాలను తెచ్చి వదిలినది కూడా మనుషులే, వాటికీ పెట్టవచ్చు కదా అన్నది. మూడు వందల ఏళ్ళు దాటాక పలుపు తెగినట్లా, తెగనట్లా? మందలు మితిమీరి పెరగకుండా మేరీలాండ్ వైపున ఆడ గుర్రాలకు గర్భనిరోధక మందు ఇచ్చి, ప్రభుత్వమే ఒక విధంగా ఆ త్రాటిని పట్టుకొన్నది. ఈ ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేదు. అడిగినందుకు మాత్రం సంతోషించాము, అందులోనూ తెలుగులో అడిగినందుకు.

కానీ ఆ సాయంత్రం మమ్మల్ని నిజంగా తాకినది వేరొక మాట. లేవబోతూ, ఎవరినీ నిష్ఠూరమాడే ఉద్దేశం లేకుండా, చీర కుచ్చెళ్ళ ఇసుక దులుపుకొంటూ అమ్మమ్మ అన్నది: "ఏమీ అనుకోకండి. ఈ దేశం వచ్చి మూడు నెలలైంది. ఇంతవరకు ఎవరికీ ఒక్క ముద్ద పెట్టలేదు. చేయి ఊరుకోలేదు."

లెక్క చూసుకొంటే నిజమే. మా ఇంటి వెనుక వరండాలో పక్షులకు గింజలు వేయకూడదని మా ఇళ్ళ సంఘం నియమం. వీధిలో ఆవు లేదు. గడప ముందుకు ఎవరూ రారు. వంటింటి పొయ్యి ఎలక్ట్రిక్‌ది, చేయి కాల్చుకొంటుందని మేమే ముట్టనివ్వలేదు. పిల్లలు బడిలో తింటారు. ఆమెకు వేళకు కాఫీ, వేళకు భోజనం, మందులు, టీవీలో తెలుగు ధారావాహికలు, అన్నీ అమర్చాము. ఏ లోటూ లేకుండా చూసుకొంటున్నామని స్నేహితులతో చెప్పుకొన్నాము కూడా. మేత లోటు లేదు. మూడు నెలలుగా ఆమెను ఏ గుంజకు కట్టామో ఇప్పుడు కనిపించింది. అతిథిని కూర్చోబెట్టి పెట్టడం మన మర్యాద. యాభై ఏళ్ళు పెట్టిన మనిషిని అతిథిని చేయడం మర్యాద అవుతుందా? విదేశాలలో ఉన్న మన ఇళ్ళకు వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఎందుకు రెండో నెలకే తిరుగు ప్రయాణం టిక్కెట్టు గురించి అడుగుతారో, చలి ఒక్కటే కారణం కాదేమో.

అయిదో రోజు ఉదయం గ్యాసు పొయ్యిని ఆమెకు అప్పగించాము. గాలికి మంట ఆరకుండా నాలుగు వైపులా పెట్టెలు నిలబెట్టించి, కావలసినవన్నీ చేతికందేలా పెట్టించుకొని, ఉప్మా చేసింది. మేకులిచ్చిన ప్రక్క గుడారంవాళ్ళకు పంపాలన్నది. డబ్బాలో పెట్టబోతూ ఆగి, మనవరాలిని పిలిచి, "ముందు వెళ్ళి అడుగు, వాళ్ళకు ఏవి పడవో" అన్నది. అమ్మాయి వెళ్ళి వచ్చి, వాళ్ళ చిన్నవాడికి వేరుశనగ గింజలు తింటే ప్రాణం మీదికి వస్తుందని చెప్పింది. ఉప్మా నిండా వేరుశనగ గింజలే. పప్పు తింటే ప్రాణం పోవడమేమిటని అమ్మమ్మ కాసేపు గొణిగింది, నమ్మినట్లు లేదు. నమ్మకపోయినా, గిన్నె తోమించి, మళ్ళీ రవ్వ వేయించి, వేరుశనగ లేకుండా రెండోసారి చేసింది. నూనె సీసా మీద ఏమున్నదో అమ్మాయి చేత చదివించుకొన్నది. డబ్బా పట్టుకొని ఇద్దరూ కలిసి వెళ్ళారు. వాళ్ళు నిలబడి ఏమి మాట్లాడుకొన్నారో మాకు తెలియదు, దూరంనుండి అమ్మాయి చేతులు త్రిప్పుతూ అనువదించడం మాత్రం కనిపించింది.

మిగిలిన రెండు రోజులు ఆ పొయ్యి దగ్గరికి మమ్మల్ని రానివ్వలేదు. పంచకళ్యాణి మరొకసారి వచ్చింది. అమ్మమ్మ మా అబ్బాయిని ప్రక్కన నిలబెట్టుకొని, 40 అడుగులు ఎంతో వాడిచేత అడుగులు వేయించి కొలిపించి, అక్కడినుండే చూసింది. గుర్రం సముద్రపు నురుగు అంచున నిలబడి, జూలు గాలికి ఎగురుతుండగా, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

ఏడో రోజు గుడారం విప్పాము. మేకులు పెరికి, ఇసుక కడిగి, ప్రక్కవారికి తిరిగి ఇచ్చాము. వాళ్ళు మా స్టీలు డబ్బాను ఇచ్చారు. మూత తీసి చూస్తే లోపల బ్లూబెర్రీ పండ్లు. గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదని వాళ్ళకు ఎవరు చెప్పారని అమ్మమ్మ ఆశ్చర్యపోయింది. వెనుక దిబ్బమీద రెండు గుర్రాలు గడ్డి మేస్తున్నాయి. ఆమె డబ్బాను కారులో లోపలికంటా పెట్టించి, తలుపు వేసి, తాళం పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది.